ఒకే వెంబీ, రెండు గాయాలు: ఒకసారి 11-19, ఇంకోసారి 9-3

2025 ఫిబ్రవరి 20న అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ జట్టు శాన్ ఆంటోనియో స్పర్స్ నుంచి నాలుగు ముక్కల ప్రకటన వచ్చింది. జట్టు సెంటర్ (రింగ్ దగ్గర కాపలా కాసే పొడుగాటి ఆటగాడు) విక్టర్ వెంబన్యామా, అభిమానుల మాటలో వెంబీ, కుడి భుజం లోపలి సిరలో రక్తం గడ్డకట్టింది, మిగిలిన సీజన్ ఆడే అవకాశం లేదు. అప్పటికి అతని వయసు 21. నాలుగు రోజుల ముందే శాన్‌ఫ్రాన్సిస్కోలో లీగ్ మేటి ఆటగాళ్ళ ఆల్‌స్టార్ మ్యాచ్ ఆడి వచ్చాడు. ఆ సీజన్లో ఆడిన 46 మ్యాచ్‌ల్లో సగటున 24.3 పాయింట్లు, 11 రిబౌండ్లు (తప్పిన షాట్ బంతిని అందుకోవడం), 3.8 బ్లాకులు (ఎదుటివాడి షాట్‌ని గాల్లోనే ఆపడం). తొమ్మిది నెలలు తిరగకుండానే, 2025 నవంబర్ మధ్యలో, ఎడమ పిక్క కండరం దెబ్బతిని మళ్ళీ బెంచ్ వెనక మామూలు బట్టల్లో కూర్చున్నాడు.

మొదటిసారి అతను లేకుండా స్పర్స్ ఆడిన 30 మ్యాచ్‌ల్లో గెలిచినవి 11, ఓడినవి 19. రెండోసారి 12 ఆడి 9 గెలిచారు.

ఆటగాడు అతనే, జట్టు అదే. గాయపడిన ఆటగాడు ఎంత గొప్పవాడన్నది ఒక్కటే చూసి సీజన్ జాతకం చెప్పేస్తే ఈ రెండు అంకెలకీ పొంతన కుదరదు. ఏ తారీఖున దెబ్బ తగిలింది, ఆ రోజు బెంచ్ మీద ఎవరున్నారు అన్నవి చూస్తేనే లెక్క కుదురుతుంది.

ముందు నిమిషాల సంగతి. బాస్కెట్‌బాల్‌లో ఒక మ్యాచ్‌కి జట్టు పంచుకోవాల్సినవి 240 నిమిషాలు, అంటే ఐదుగురికి తలా 48. వెంబీ ఆడేవి 33 వరకూ. అతను లేడంటే ఆ 33 నిమిషాలు బ్యాకప్ సెంటర్ ఒక్కడే మోస్తాడని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. రెండో సెంటర్ మొదటి ఐదుగురిలోకి జరుగుతాడు, మూడోవాడు రెండోవాడి చోటుకి వస్తాడు, ఒక ఫార్వర్డ్ తన ఎత్తుకి మించిన పనిలో పది నిమిషాలు నిలబడతాడు. చివరికి నిజంగా కొత్తగా కోర్టులోకి వచ్చేది నిన్నటిదాకా రొటేషన్‌లోనే, అంటే ప్రతి మ్యాచ్‌లో వంతులవారీగా ఆడేవాళ్ళలోనే, లేని ఒక మనిషి. జట్టు ఎంత పడిపోతుందో తేల్చేది ఆ చివరి మనిషే. గాయం వార్త రాగానే నేను మొదట వెతికేది ఆ తొమ్మిదో, పదో ఆటగాడి పేరు కోసమే.

2025 ఫిబ్రవరిలో స్పర్స్ దగ్గర ఆ వరుస ఎలా ఉందో చూడండి. ఫిబ్రవరి 3న గార్డ్ (బంతి నడిపించే ఆటగాడు) డియారన్ ఫాక్స్‌ని తెచ్చుకున్నారు. ఆ మూడు జట్ల ట్రేడ్‌లో (ఆటగాళ్ళ మార్పిడిలో) బ్యాకప్ సెంటర్ జాక్ కాలిన్స్, పాయింట్ గార్డ్ ట్రే జోన్స్ చికాగోకి వెళ్ళిపోయారు. వెంబీ ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది మంచి బేరమే, ఇప్పటికీ నా మాట అదే. కానీ ఫిబ్రవరి 6తో ట్రేడ్ల గడువు ముగిసింది, రెండు వారాలకి ఈ వార్త వచ్చింది. మార్కెట్లో అప్పటికి దొరికేది ఎవరికీ అక్కరలేక మిగిలినవాళ్ళే. ఫిబ్రవరిలో పది రోజుల ఒప్పందం మీద వచ్చిన బిస్మాక్ బియోంబోని సీజన్ చివరిదాకా ఉంచుకున్నారు. ఒక జట్టు ఒకే ఆటగాడికి ఇలాంటి పది రోజుల ఒప్పందాలు రెండే ఇవ్వగలదు, ఆ తర్వాత కూడా కావాలంటే సీజన్ మొత్తానికీ రాసుకోవాలి.

కోర్టులో తేడా ఎక్కడ కనిపించిందో ఒక్క బంతి తీసుకుని చెప్తాను. ఎదుటి గార్డ్ త్రీ లైన్ (దాని బయటినుంచి వేస్తే మూడు పాయింట్లు) దగ్గర స్క్రీన్, అంటే డిఫెండర్‌కి అడ్డం నిలబడ్డ తోటి ఆటగాణ్ణి, వాడుకుని లోపలికి దూసుకొస్తున్నాడు. లోపల వెంబీ ఉంటే రింగ్‌కి నాలుగైదు అడుగుల ముందు కాళ్ళు వంచి నిలబడతాడు. రెండు చేతులూ చాపితే ఎనిమిది అడుగులు. గార్డ్‌కి లేఅప్ (రింగ్ పక్కనుంచి వేసే తేలిక షాట్) దారి కనబడదు, స్క్రీన్ పెట్టి లోపలికి దొర్లుతున్న సెంటర్‌కి పైనుంచి పాస్ వేసే దారీ కనబడదు. ఇద్దర్నీ ఒక్కడే కాపలా కాస్తున్నాడు. కాబట్టి కార్నర్‌లో ఉన్న డిఫెండర్ తన మనిషిని వదలక్కర్లేదు. గార్డ్ బంతి బయటికి తీసుకుపోతాడు, షాట్ క్లాక్‌లో, అంటే షాట్ వేయడానికి ఉన్న గడువులో, ఏడెనిమిది సెకన్లు ఆవిరి.

అదే చోట బియోంబో ఉన్నాడనుకోండి. బలమైనవాడు, మనసు పెట్టి ఆడతాడు, ఎత్తు ఆరడుగుల ఎనిమిది అంగుళాలు. వెనక్కి తగ్గి ఇద్దర్నీ కాయడం అతని చేతుల పొడవుకి కుదరదు. ఒక అడుగు ముందుకొచ్చి గార్డ్‌ని ఆపాలి. ఆ అడుగు వేయగానే వెనక రింగ్ ఖాళీ. దాన్ని మూయడానికి కార్నర్ డిఫెండర్ లోపలికి రావాలి. వచ్చాడంటే కార్నర్‌లో షూటర్ ఒంటరి. కార్నర్ త్రీ దూరం 22 అడుగులు, పైన ఆర్క్ దగ్గరైతే 23 అడుగుల 9 అంగుళాలు. మొత్తం కోర్టులో అతి చవకగా దొరికే మూడు పాయింట్లు అవే. మ్యాచ్ అంకెల పట్టిక, బాక్స్ స్కోర్‌లో వెంబీ బ్లాకులు 3.8 అని కనబడతాయి. వేయకుండా మానేసిన లేఅప్‌లు, తెరుచుకోని కార్నర్లు అందులో పడవు. నా లెక్కలో అవే పెద్ద నష్టం.

దాడిలోనూ అంతే. వెంబీ ఆ సీజన్లో మ్యాచ్‌కి తొమ్మిదికి దగ్గరగా త్రీలు వేశాడు. శాతం గొప్పగా లేకపోయినా ఎదుటి సెంటర్ అతని వెంట బయటికి రాక తప్పదు. బయటికొస్తే ఫాక్స్‌కీ, రూకీ (తొలి సీజన్ ఆటగాడు) స్టెఫాన్ కాసిల్‌కీ లోపల రోడ్డు ఖాళీ. బియోంబో త్రీ వేయడు. ఎదుటి సెంటర్ రింగ్ కిందే పాతుకుపోతాడు. కాసిల్ అప్పటికి నమ్మదగ్గ షూటర్ కాదు కాబట్టి అతని డిఫెండరూ వెనక్కి తగ్గి నిలబడతాడు. బంతితో లోపలికి దూసుకెళ్ళినవాడికి రెండు గోడలు. ఈ లెక్కకి రుజువుగా తిరగేసిన ఉదాహరణ ఒకటుంది. మార్చి 19న న్యూయార్క్ నిక్స్ మీద సాండ్రో మముకెలష్విలి బెంచ్ నుంచి వచ్చి 20 నిమిషాలు కూడా ఆడకుండా 34 పాయింట్లు కొట్టాడు. 14 షాట్లలో 13, త్రీలు 7కి 7. షూటింగ్ తెలిసిన పొడుగు మనిషి ఒకడు కోర్టులో ఉంటే అదే జట్టు ఎలా ఊపిరి తీసుకుంటుందో ఆ రాత్రి చూపించింది. ఒక్క మ్యాచ్ చూసి అతన్ని వెంబీకి బదులు అనేయడం మాత్రం తప్పు. డిఫెన్స్‌లో కారణాలు పైన చెప్పినవే.

దీని మీద ఫాక్స్ వేలు. ఎడమ చిటికెన వేలి టెండన్ ముందునుంచే దెబ్బతిని ఉంది, నెట్టుకొస్తున్నాడు. వెంబీ లేకపోయేసరికి నెట్టుకురావడంలో అర్థం లేకపోయింది. మార్చిలో సర్జరీ చేయించుకున్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అక్షరాలా అదే. స్పర్స్ తరఫున అతను ఆడింది 17 మ్యాచ్‌లు, వెంబీతో కలిసి ఐదంటే ఐదు. పైగా ఆ సీజన్ మొదట్లోనే, నవంబర్‌లో, కోచ్ గ్రెగ్ పోపవిచ్‌కి స్ట్రోక్ వచ్చింది. అప్పట్నుంచీ ఆ సీజన్‌ని మిచ్ జాన్సన్ తాత్కాలికంగా పగ్గాలు పట్టుకుని నడిపించాడు.

"సీజన్ అయిపోయింది" అన్న మాట మీద ఒకసారి ఆగాలి. ప్రకటన వచ్చేనాటికి స్పర్స్ 23-29. అదే ఊపున పోతే మిగిలిన 30లో 13 గెలిచి 36 దగ్గర ఆగేవాళ్ళు. గెలిచింది 11, మొత్తం 34-48. అంటే ఉన్న వేగంతో పోల్చితే పోయినవి రెండు విజయాలు. వెస్ట్ కాన్ఫరెన్స్‌లో పదో స్థానం, అంటే ప్లేఆఫ్స్ చోటు కోసం ఆడే ప్లే-ఇన్‌కి ఆఖరి మెట్టు, డాలస్‌కి దొరికింది 39 విజయాలతో. అక్కడికి చేరాలంటే వెంబీ ఉన్నా స్పర్స్ 16-14 ఆడాలి. ఫాక్స్ కుదురుకుంటే ఆడగలిగేవాళ్ళేమో. చేతిలో ఉన్న బెర్త్ జారిపోయిందని మాత్రం అనలేం. జారిపోయింది వేరేది: ఫాక్స్, వెంబీ కలిసి నాలుగో క్వార్టర్లో ఎలా ఆడతారో తెలుసుకునే రెండు నెలలు. ఆ పరిచయం ఏ ట్రేడూ కొనిపెట్టదు.

ఇక తారీఖు సంగతి. భుజంలో ఇలా గడ్డకట్టడం, ముఖ్యంగా చేతులు పైకెత్తి ఆడే ఆటగాళ్ళలో, సాధారణంగా కంఠం దగ్గరి ఎముకకీ మొదటి పక్కటెముకకీ మధ్య ఇరుకు సందులో సిర నలిగినప్పుడు జరుగుతుంది. మొదటి వైద్యం రక్తం పలచబడే మందులు, మామూలుగా కనీసం మూడు నెలలు. సమస్య అక్కడే ఉంది. చెయ్యి నొప్పి తగ్గిపోవచ్చు, పరుగెత్తొచ్చు, షూటింగ్ చేసుకోవచ్చు. కానీ ఆ మందు ఒంట్లో ఉండగా తలకో పొట్టకో మోచెయ్యి గట్టిగా తగిలితే లోపల రక్తస్రావం ఆగదు. అందుకే మనుషులు గుద్దుకునే ఆట నిషేధం. ఫిబ్రవరి 20కి మూడు నెలలు కలపండి, మే 20. రెగ్యులర్ సీజన్ ముగిసింది ఏప్రిల్ 13న. సీజన్ పోయింది అన్నది గాయం తీవ్రత మీద తీర్పు కంటే క్యాలెండర్ లెక్క. ఇదే అక్టోబర్‌లో బయటపడి ఉంటే, అంతా సవ్యంగా సాగితే, ఆల్‌స్టార్ వేళకి తిరిగొచ్చే అవకాశం ఉండేది.

ఆ రోజుల్లో చాలామంది వెంటనే మాజీ స్టార్ క్రిస్ బాష్ పేరెత్తి భయపడ్డారు. 2015లో అతనికి ఊపిరితిత్తుల్లో గడ్డలు కనబడ్డాయి, తిరిగొచ్చాడు, 2016 ఫిబ్రవరిలో మళ్ళీ గడ్డ కనబడ్డాక ఇక ఆడలేదు. కానీ పోల్చడానికి దగ్గరి మనిషి బ్రాండన్ ఇంగ్రమ్. 2019 మార్చిలో, 21 ఏళ్ళ వయసులో, కుడి చేతిలో గడ్డ. సర్జరీ అయ్యాక మరుసటి సీజన్లోనే న్యూ ఆర్లియన్స్ తరఫున ఆల్‌స్టార్ అయ్యాడు, బాగా మెరుగుపడ్డ ఆటగాడి అవార్డు కూడా తీసుకున్నాడు. చోటు తెలిసి, కారణం తెలిసి, ఒక్కసారే వచ్చిన గడ్డ ఒక రకం. కారణం లేకుండా మళ్ళీ మళ్ళీ వచ్చేది ఇంకో రకం. వార్తలో ఈ తేడా చదవకుండా కెరీర్ గురించి మాట్లాడటం అన్యాయం. వెంబీకి 2025 జులైలో వైద్యుల అనుమతి వచ్చింది.

కాగితాల మీద జరిగే నష్టం గురించి మన అభిమానులు తక్కువ మాట్లాడుకుంటారు. ఎవరైనా సీజన్ మొత్తానికీ దూరమైతే లీగ్ ఇంకొకర్ని తెచ్చుకోడానికి జీతాల పరిమితిలో (జట్టు మొత్తం జీతాలకి లీగ్ పెట్టిన హద్దులో) ఒక మినహాయింపు ఇస్తుంది. జనవరి 15లోపు దరఖాస్తు పెట్టాలి, ఆటగాడు జూన్ 15 వరకూ ఆడే అవకాశం బాగా తక్కువని డాక్టర్ తేల్చాలి. ఫిబ్రవరి 20కి ఆ తలుపు మూసేసి ఉంది. తెరిచి ఉన్నా పెద్దగా కలిసొచ్చేది కాదు. ఆ మినహాయింపు గాయపడినవాడి జీతంలో సగానికి మించదు. లీగ్‌లోకి వచ్చినప్పుడు రాసుకున్న రూకీ ఒప్పందంలోనే ఉన్న వెంబీ జీతం అప్పుడు సుమారు కోటీ 28 లక్షల డాలర్లు, సగమంటే 64 లక్షలు. కుర్ర స్టార్ ఉన్న జట్టుకి ఇదే పెద్ద తిరకాసు: తక్కువ జీతానికి ఎక్కువ ఆట దొరుకుతుంది కాబట్టే, అతను పడిపోయినప్పుడు ఆ జీతంతో కొనగలిగేది ఏమీ ఉండదు.

ఇంకోటి 65 మ్యాచ్‌ల నియమం. పెద్ద అవార్డులకి అర్హత కావాలంటే 82లో 65 ఆడాలి, దాదాపు అన్నిట్లో కనీసం 20 నిమిషాలు ఉండాలి. సీజన్ ముగించే గాయమైతే 62 దాకా సడలింపు. 46 దగ్గర ఆగినవాడికి అదీ అందలేదు. మొత్తం 176 బ్లాకులతో లీగ్‌లో అందరికంటే పైనున్నా డిఫెన్సివ్ ప్లేయర్ అవార్డు లెక్కలోకే రాలేదు, ఎవన్ మోబ్లీకి వెళ్ళింది. ఇది పరువు విషయం మాత్రమే కాదు. రూకీ ఒప్పందం పొడిగించేటప్పుడు జీతం మామూలుగా జీతాల పరిమితిలో 25 శాతం దగ్గర మొదలవుతుంది. సరైన సమయంలో ఆల్ ఎన్‌బీఏ జట్టులో (ఆ ఏటి మేటి ఆటగాళ్ళ జాబితాలో) చోటో, మేటి ఆటగాడి అవార్డు ఎంవీపీయో, డిఫెన్సివ్ అవార్డో ఉంటే 30 శాతం. ఆ తేడా ఐదేళ్ళపాటు జట్టు ఇంకెవర్ని కొనగలదో నిర్ణయిస్తుంది.

ఓటముల్లోంచి వచ్చిన లాభం కూడా చెప్పాలి. జట్లు కొత్త కుర్రాళ్ళని వరసగా ఎంచుకునేది డ్రాఫ్ట్, అందులో ఒక్కో వంతు ఒక పిక్, ముందు పిక్‌లు ఎవరివో తేల్చేది లాటరీ. 34-48తో స్పర్స్ ఆ లాటరీలో ఎనిమిదో స్థానంలో నిలిచారు. 14 బంతుల్లోంచి నాలుగు తీస్తారు, పంచే 1000 కలయికల్లో వాళ్ళకి 60. మొదటి నాలుగు పిక్‌లలోకి వచ్చే అవకాశం 26.3 శాతం. ఆ రెండు మ్యాచ్‌లు గెలిచి 36 దగ్గర ఉంటే పోర్ట్‌లాండ్, ఫీనిక్స్‌ల పక్కన ఇంకా కిందికి జరిగేవాళ్ళు. మే 12 రాత్రి బంతులు స్పర్స్‌ని రెండో పిక్‌కి తీసుకొచ్చాయి. దాంతో వచ్చినవాడు డిలన్ హార్పర్. దీన్ని వ్యూహం అనను. నాలుగింట మూడొంతులు దొరకకపోయే అవకాశమే. కానీ తమ సొంత పిక్ చేతిలో ఉన్న జట్టుకి కుర్ర స్టార్ గాయం ఎడాపెడా నష్టం కాదు. పిక్‌ని ఎప్పుడో ట్రేడ్‌లో ఇచ్చేసిన జట్టుకి మాత్రం రెండువైపులా దెబ్బే. గాయం వార్త చదివినప్పుడు ఆ ఏడాది పిక్ ఎవరి దగ్గరుందో కూడా ఒకసారి చూసుకోండి.

వేసవిలో యాజమాన్యం చేసిన అసలు పని, నా దృష్టిలో, హార్పర్ కంటే నిశ్శబ్దంగా జరిగింది. బోస్టన్ నుంచి ల్యూక్ కార్నెట్‌ని నాలుగేళ్ళకి 4 కోట్ల 10 లక్షల డాలర్లకి తెచ్చుకున్నారు. ఏడడుగుల పైన మనిషి, 2024 టైటిల్ గెలిచిన జట్టులో బ్యాకప్. స్క్రీన్ పెట్టడం, రింగ్ కింద నిలబడటం, దాడిలో దొరికిన రిబౌండ్‌ని తిరిగి గార్డ్‌కి తట్టి పంపడం, ఇవే అతని పనులు. వాషింగ్టన్ నుంచి కెలీ ఒలినిక్ వచ్చాడు, త్రీ వేయగల పొడుగు మనిషి. ఫిబ్రవరిలో లేని రెండు కుర్చీలూ నిండాయి.

సీజన్ మొదటి రాత్రి డాలస్‌లో వెంబీ 40 పాయింట్లు కొట్టాడు, స్పర్స్ 125-92తో గెలిచారు. తొలి ఐదూ గెలిచి ఫ్రాంచైజీ చరిత్రలోనే మంచి ఆరంభం చేశారు. నవంబర్ మధ్యలో పిక్క దెబ్బ. కాసిల్, హార్పర్ కూడా ఆ రోజుల్లో కొన్ని మ్యాచ్‌లు ఆడలేకపోయారు. అయినా 9-3. కార్నెట్ ఉన్నాడు కాబట్టి డిఫెన్స్ పద్ధతి మార్చుకోవాల్సిన పని పడలేదు. చేతుల పొడవు తగ్గింది, నిలబడే చోటు అదే. గార్డ్‌లు కొత్త అలవాట్లు నేర్చుకోనక్కర్లేదు. బంతి ఆరోగ్యంగా ఉన్న ఫాక్స్ చేతిలో ఉంది. 12 మ్యాచ్‌లు చిన్న నమూనాయే, వెంబీ లేకపోయినా ఫర్వాలేదని దీన్నిబట్టి ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఒకటి మాత్రం తేటగా ఉంది: నెల రోజుల గాయం తట్టుకునేలా జట్టు కట్టడం వేరు, ప్లేఆఫ్స్‌లో ఒకే ప్రత్యర్థి ఏడు మ్యాచ్‌లు వరసగా అదే బలహీనత మీద కొడుతుంటే తట్టుకోవడం వేరు. కార్నెట్ మొదటిదానికి సరిపోతాడు.

పిక్క గాయం చిన్నదే అయినా దాదాపు నాలుగు వారాలు ఎందుకు ఆపారంటే, పిక్కలోని రెండు కండరాలు కిందికి వచ్చి కలిసి అకిలిస్ టెండన్‌గా మడమకి అతుక్కుంటాయి. 2019 ఫైనల్స్‌లో కెవిన్ డ్యూరాంట్ పిక్క గాయం నుంచి తిరిగొచ్చిన మ్యాచ్‌లోనే అకిలిస్ తెగింది. 2025 ఫైనల్స్‌లో ఇండియానా ఆటగాడు టైరీస్ హాలిబర్టన్‌కి ఐదో మ్యాచ్‌లో కుడి పిక్క పట్టేసింది, ఏడో మ్యాచ్ మొదటి క్వార్టర్లో అదే కాలి అకిలిస్ తెగింది. 25 ఏళ్ళవాడు 2025-26 సీజన్ మొత్తానికీ దూరమని ఇండియానా జులైలోనే చెప్పేసింది. పైగా అదే వేసవిలో సెంటర్ మైల్స్ టర్నర్ మిల్వాకీకి వెళ్ళిపోయాడు. కార్నెట్ లాంటి కుర్చీ నింపాల్సిన వేసవిలో ఉన్న కుర్చీ ఖాళీ అయితే ఏమవుతుందో అక్కడ చూడొచ్చు.

అందుకే పిక్క విషయంలో ఇప్పుడు జట్లు నొప్పి పోయిందా అని అడిగి ఊరుకోవు. ఒంటికాలి మీద మునివేళ్ళపై లేవడం రెండు కాళ్ళకీ ఒకే లెక్కకి రావాలి. తర్వాత ఒంటికాలి గెంతులు, తర్వాత తిన్నని పరుగు, తర్వాత వేగంలో ఉండి ఒక్కసారి ఆగడం, చివర్లో ఐదుగురితో ఐదుగురు ప్రాక్టీస్. మర్నాడు పొద్దున పిక్క బిగుసుకుంటే ఒక మెట్టు వెనక్కి. ప్రకటనలో "రెండు వారాల్లో మళ్ళీ పరీక్షిస్తారు" అని ఉంటే అది తిరిగొచ్చే తేదీ కాదు, స్కాన్ తేదీ. దానికి కనీసం ఇంకో వారం కలుపుకోండి. రోజువారీ గాయాల జాబితాలో మ్యాచ్ ముందురోజు సాయంత్రం "క్వశ్చనబుల్" అని ఉంటే సగం సగం, "డౌట్‌ఫుల్" అంటే ఆడడనే అనుకోవాలి. శాన్ ఆంటోనియోలో సాయంత్రం ఏడింటి మ్యాచ్ శీతాకాలంలో మనకి పొద్దున ఆరున్నరకి మొదలు. ముందురాత్రి కనబడ్డ పేరు పొద్దున లేచేసరికి మారిపోవడం మామూలే.

డిసెంబర్ 13న లాస్ వేగాస్‌లో ఎన్‌బీఏ కప్ (సీజన్ మధ్యలో జరిగే టోర్నీ) సెమీఫైనల్. ఎదురుగా అప్పటిదాకా ఒకే ఒక్క మ్యాచ్ ఓడిన ఓక్లహోమా సిటీ. వెంబీ తిరిగొచ్చాడు, కానీ మొదటి ఐదుగురిలో లేడు. మిచ్ జాన్సన్ అతన్ని బెంచ్ నుంచి దింపాడు, మొత్తం 21 నిమిషాలే ఆడించాడు. 22 పాయింట్లు, 111-109. మూడు రోజుల తర్వాత న్యూయార్క్‌తో కప్ ఫైనల్లోనూ బెంచ్ నుంచే. ఆ మ్యాచ్ ఓడిపోయారు.